వాడు తవ్విన మడి

ఆ వేసవిలో ఆ ఇంటి పెరట్లో పచ్చగా ఉన్నది ఒక్కటే మడి. ఆ ఒక్క మడిలో ఉన్నదంతా కలుపే. ఈ సంగతి కోడలికి తెలుసు, అత్తకు తెలియదు. చెప్పుకుంటే ఇంతే. కానీ ఇంత చిన్న సంగతి నోరు తెరిచి చెప్పడానికి ఆ పిల్ల ప్రాణం ఎంత విలవిల్లాడిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కోడలు మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. ప్లాస్టిక్ ట్రేల గుంటల్లో మట్టి నింపడం, గుంటకొక గింజ వేయడం, మొలిచాక సంచుల్లోకి మార్చడం, సాయంత్రానికి నడుం పట్టుకుని ఇంటికి రావడం. మొలక ఇంకా రెండాకులు విప్పకముందే అది వంగో మిరపో చెప్పేయగలదు. ఆమె మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎంత మొండికేసిన లిఫ్టయినా అతని మాట వినేది గానీ, మొక్కలు మాత్రం అతని చెయ్యి తగిలితే చాలు, ప్రాణాలు వదిలేవి.

అసలు వాళ్ళ పరిచయమే అలా మొదలైంది. ఎండిపోయిన గులాబీ కుండీని చంకన పెట్టుకుని నర్సరీకి దెబ్బలాటకు వచ్చాడు.

"చచ్చిన మొక్క అంటగట్టారు నాకు" అన్నాడు.

"నీళ్ళు పోశారా?" అంది ఆమె.

"పోశానండీ."

"ఎప్పుడు?"

"కొన్న రోజు."

ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. ఆ తర్వాత వారం వారం ఏదో ఒక మొక్కను చంపి తీసుకొస్తూనే ఉన్నాడు. పెళ్ళయ్యాకే అర్థమైంది, అందులో కొన్నింటిని కావాలనే చంపాడని. మిగతావి మాత్రం నిజంగానే చేతకాక చచ్చాయి. పెళ్ళయ్యాక పెరట్లో టమాటాలు, బెండ, గోడ మీదికి ఆనపపాదు, తలుపు పక్కన మల్లె, అన్నీ ఆమె చేతి మీదే పెరిగాయి. అతగాడికి ఆ రోషం ఉండేది. ఏడాదికొకసారి పార పట్టుకుని దిగి, ఒక మూల తవ్వి, ఏదో చల్లి, అది మొలవకపోతే పిచ్చుకల మీద పెట్టేవాడు.

ఈ ఏడు కూడా ఎండలు ముదురుతుండగా ఒక ఆదివారం పూట గోడవార మడి తవ్వాడు. గడ్డలు చితక్కొట్టి, రాళ్ళు ఏరి, చుట్టూ గట్టు కట్టాడు. ఒళ్ళంతా మట్టి.

"ఈసారి ఎవరి ప్రాణం తీస్తారు?" అంది కోడలు మెట్టు మీద నిలబడి.

"చెప్పను. కాయలు కాశాక చూసి కుళ్ళుకుందువుగానిలే" అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మా! ఈ మడికి రోజూ నీళ్ళు చల్లు. మట్టి మాత్రం ఎండనివ్వకు" అని కేకేశాడు.

మర్నాడు పనికి వెళ్ళాడు. ఏదో పాత మేడలో లిఫ్టు కింద గుంతలోకి దిగాడు. అతను కింద ఉన్నాడని పైవాళ్ళకు తెలియలేదు. లిఫ్టు కిందికి వచ్చింది. అంతకన్నా చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, వదిలేయండి.

ఆసుపత్రివాళ్ళు అతని బట్టలు ఒక కవరులో పెట్టి కోడలి చేతికిచ్చారు. ఇంటికొచ్చాక గది తలుపు వేసుకుని విప్పింది. చొక్కా జేబులో నాలుగు మరలు, ఒక చిక్కుడు గింజల పొట్లం. పొట్లం అంచు కత్తిరించనే లేదు. ఆమె పనిచేసే నర్సరీది కాదు, ఎక్కడో ఊరి అవతలి దుకాణానిది. పెళ్ళాం నవ్వుతుందని అంత దూరం పోయి దొంగచాటుగా కొనుక్కొచ్చుకున్నాడన్నమాట మహానుభావుడు. మట్టి మెత్తబడ్డాక చల్లుదామని జేబులో పెట్టుకు తిరిగాడు. ఆ పొట్లాన్ని గుండెకు అదుముకుని ఆమె ఏడ్చిన ఏడుపు ఎవరికీ వినపడలేదు. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది మరి. తర్వాత దాన్ని బీరువాలో చీరల అడుగున పెట్టింది.

జనం వచ్చి పలకరించి పోవడం తగ్గాక, ఒక ఉదయం అత్త బకెట్టు పట్టుకుని పెరట్లోకి దిగింది. ఆమె జీవితమంతా లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ నిలబడ్డ మనిషి. మట్టి ముట్టుకున్నది లేదు. మొక్కంటే కొడుకు పిచ్చి, కోడలి ఉద్యోగం, అంతే ఆమెకు.

"ఎక్కడికి అత్తయ్యా?" అంది కోడలు.

"వాడు గింజలేసి పోయాడు కదే. నీళ్ళు చల్లమని నాకే చెప్పాడు. ఇన్ని రోజులు మర్చిపోయాను చూడు, పాపిష్టిదాన్ని. ఎండిపోయాయో ఏమో."

'మడి ఉత్తదే అత్తయ్యా' అన్న మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. అత్త ముఖం చూసింది. అన్ని రోజులకు మొదటిసారి ఆ మనిషి తల దువ్వుకుంది. మాట వెనక్కి పోయింది. ఇవాళ కాకపోతే రేపు చెబుతాను, అనుకుంది. అలాంటి రేపు ఎవరికైనా ఎప్పుడైనా వచ్చిందా?

నీళ్ళు పడ్డ మట్టి ఊరుకోదు కదా. వారం తిరిగేసరికి మడి నిండా పచ్చటి నూగు లేచింది.

"వచ్చాయే! నా బంగారం వేసినవి వచ్చాయే!" అని అత్త కేక పెడితే కోడలు చేతిలో పని వదిలేసి పరిగెత్తింది. అత్త మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. "ఆకు చూడు, చీలికలు చీలికలుగా బంతి ఆకులా లేదూ? బంతి వేశాడే నా తండ్రి. నాకు పసుపు పువ్వంటే ఇష్టమని."

అది బంతి కాదు, వయ్యారిభామ అనే కలుపు. పేరు పెట్టినవాడెవడో గానీ వాడి కళ్ళలో మట్టికొట్ట! వయ్యారం పేరులోనే. ఒంటికి తగిలితే దురద, దగ్గరికి పోతే దగ్గు, పువ్వు వస్తే మరీనూ, ఒక్కసారి కాలు పెట్టిందంటే పెరడంతా తనదే. నర్సరీలో అది కనబడితే యజమాని కేకలు వీధి చివరికి వినిపిస్తాయి. పీకేద్దామని కోడలికి చేతులు దురదపెట్టాయి.

"అత్తయ్యా, వీటిలో కలుపు కూడా ఉంటుందేమో. నేను చూసి తీస్తాను" అంది మెల్లిగా.

అత్త ఒంటికాలి మీద లేచింది. "చెయ్యి పెట్టావంటే ఊరుకోను! కలుపేదో నీకేం తెలుసు? వాడు ఏం వేశాడో నీకు చెప్పాడా? చెప్పలేదుగా. మరి? ఒక్కటి పీకినా నా మీద ఒట్టే."

చెప్పలేదు, నిజమే. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎండలు మండిపోయాయి. కుళాయి నీళ్ళు సన్నబడ్డాయి, పట్టినదాంట్లో తాగడానికీ వండడానికీ పోను మిగిలేవి కొంచెమే. ఆ కొంచెం మొత్తం అత్త ఆ మడికే పోసేది. బెండ మొక్కలు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాయి. ఆనపపాదు పట్టుతీగలు వదిలేసి గోడ మీంచి జారిపడింది. టమాటా కాయలు గోలీలంత ఉండగానే ఉడతలు నీళ్ళ కోసం కొరికి పారేశాయి. మల్లె రెండు మొగ్గలు వేసి ఆగిపోయింది. తేనెటీగలు వచ్చి చుట్టూ తిరిగి, పువ్వన్నది లేక, కుళాయి మూతి దగ్గర చెమ్మ తాగి పోయేవి. ఎక్కడినుంచో ఒక కప్ప వచ్చి ఆ మడి గట్టు కిందే కాపురం పెట్టింది. పిచ్చుకలు ఆ తడిలోనే పొర్లాడేవి. చుట్టుపక్కల జీవాలన్నింటికీ ఆ మడే దిక్కయింది. అత్తకు అది ఇంకో నిదర్శనం.

"చూడు, పక్షులకు కూడా తెలుసు అది ఎవరు వేసిందో" అనేది.

కోడలు సాయంత్రం నర్సరీ నుంచి వచ్చి తన చేతులతో పెంచిన మొక్కలు ఒక్కొక్కటే పోవడం చూసేది. వాటి కోసం ఆమెకు ఏడుపు వచ్చేది కాదు. అత్త చేతులు చూస్తేనే భయం వేసేది. మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు లేచాయి. గోకి గోకి పుళ్ళు పడ్డాయి. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి మంచం పట్టె పట్టుకుని ఒంగిపోయేది. అయినా తెల్లారేసరికి బకెట్టు చప్పుడు.

డాక్టరమ్మ చేతులు తిప్పి చూసి, "ఏ మొక్కో పడటం లేదమ్మా మీకు. ఇంటి చుట్టుపక్కల ఏమున్నాయో చూసుకుని పీకించేయండి. ఛాతీ కూడా బాగాలేదు, ఇలాగే సాగితే ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది" అంది.

"మా ఇంట్లో బంతి మొక్కలు తప్ప ఇంకేం లేవమ్మా" అంది అత్త. డాక్టరమ్మ కోడలి వంక చూసింది. కోడలు కిటికీ వంక చూసింది.

దారిలో అత్త గుక్క తిప్పుకోలేక ఒక అరుగు మీద కూలబడింది. కొడుకు పోయినప్పుడు కూడా అంత చిన్నగా కనబడలేదు ఆ మనిషి. మొగుడు పోయాడు, ఇప్పుడు ఈవిడ కూడా పోతే? ఆ ఇంట్లో తనకు మిగిలింది ఈ ఒక్క మనిషి. ఇంకో పది రోజుల్లో వయ్యారిభామ తెల్లగా పూత వేస్తుంది. అప్పుడు ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

పీకితే ఒట్టు. చెబితే, కొడుకు ఆఖరిసారి చేసిన పని ఉత్త మట్టి తవ్వడమేనని ఆ తల్లికి తన నోటితో చెప్పాలి. అటు చూస్తే అలా, ఇటు చూస్తే ఇలా. ఆ రెంటి మధ్య నలిగి నలిగి, ఆ పిల్ల ఒక ఉపాయం పన్నింది. మంచి ఉపాయమే. ఏమాటకామాటే, ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని.

మర్నాడు అత్త ఇంకా లేవకముందే, వెలుతురు రాగానే, బీరువాలోంచి పొట్లం తీసింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, మడి మధ్యలో సన్నగా ఒక పట్టీ మేర కలుపు పీకి గోడ అవతల పడేసింది. పొట్లం అంచు పళ్ళతో చించింది. నల్లటి గింజలు, పక్కన తెల్లటి గీత. అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఏడుస్తూనే, వేలితో గుంట చేయడం, గింజ వేయడం, మట్టి కప్పడం, మళ్ళీ వేలితో గుంట. కళ్ళు కనిపించకపోయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ట్రేల దగ్గర అలవాటైన చేతులు. ఆఖరి గింజ దాకా వేసేసింది. ఖాళీ పొట్లం ఇంట్లో ఉంటే ఎప్పటికైనా అత్త కంటపడుతుందని, నర్సరీకి తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది.

అంత కలుపు మధ్య ఆ పట్టీ అత్తకు కనబడనే లేదు. ఆమె నీళ్ళు ఆమె పోసింది. చిక్కుడు మొలక పెళ్ళిపెద్దలా హడావిడిగా వస్తుంది, మట్టిని పగలగొట్టుకుని.

"ఇవేంటే కొత్తగా?" అని అత్త పిలిచినప్పుడు కోడలు మెట్టు దిగి వచ్చింది.

"చిక్కుళ్ళు అత్తయ్యా."

"చిక్కుళ్ళా? ఇన్నాళ్ళకా?"

"ఎండకు గింజ లోపలే పడుకుని ఉంటుంది. తడి బాగా పట్టాక లేస్తుంది. మీ అబ్బాయి వేసింది ఇవే. మిగతాదంతా కలుపు అత్తయ్యా. నిజం. మీ దద్దుర్లకూ దగ్గుకూ కారణం అదే."

అత్త ఆ మొలకల వంకా, తను రోజూ నీళ్ళు పోసిన పచ్చదనం వంకా మార్చి మార్చి చూసింది. "బంతి కాదా?" అంది. అంతలోనే తేరుకుంది. "చిక్కుడే నయం. పువ్వయితే వాడిపోతుంది. ఇదైతే కూర వండుకు తినొచ్చు. సరే, పీకెయ్. జాగ్రత్తే, వాటి వేరు కదిలిందంటే నిన్ను వదలను."

కోడలు చేతికి గుడ్డ చుట్టుకుని వయ్యారిభామను వేళ్ళతో సహా పెరికింది. అత్త గోడ దగ్గరికి పోయి, పక్కింటి గడియారాల మెకానిక్కును పిలిచింది. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీయడం మర్చిపోయి అలాగే గోడ మీంచి తొంగిచూశాడు.

"మావాడు వేసినవి అన్నయ్యా, చిక్కుళ్ళు" అంది అత్త. "వాడు జన్మలో మొలిపించింది ఇదొక్కటే. అది చూసుకోవడానికి లేకుండా పోయాడు."

"మంచి చెయ్యమ్మా" అన్నాడాయన పాపం, ఇంకేమనాలో తెలియక.

ఆ రోజు అత్త కడుపునిండా తింది. నాలుగు రోజులు గడిచేసరికి దగ్గు నెమ్మదించింది, చేతుల మీది పుళ్ళు మానడం మొదలుపెట్టాయి. కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఇన్ని వారాల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. గండం గడిచిందనుకుంది వెర్రిబాగుల్ది.

కలుపు పోయాక మడి బోసిపోయింది. ఉత్త ఎర్రమట్టి, మధ్యలో ఆ మొలకలు. ఒక సాయంత్రం కోడలు నర్సరీ నుంచి వచ్చేసరికి అత్త మెట్టు మీద కూర్చుని ఉంది. బకెట్టు నిండుగా పక్కనే ఉంది. మడి మాత్రం పొడిగా ఉంది.

"నీళ్ళు పోయలేదా అత్తయ్యా?"

"ఇటు రా. ఇక్కడ కూర్చుని చూడు" అంది అత్త. కోడలు కూర్చుంది. "ఏం కనబడుతోంది?"

"చిక్కుడు మొలకలు."

"ఇస్త్రీ మడతలా ఉందే ఆ వరస. మొలకకూ మొలకకూ మధ్య జానెడు. ఎక్కడా వంకర లేదు." అత్త గొంతులో కోపం లేదు, అదే భయపెట్టింది కోడల్ని. "వాడు గింజలు ఎలా వేసేవాడో నీకు తెలుసా? గుప్పెడు తీసుకుని విసిరేసేవాడు. కోళ్ళకు వేస్తున్నావేంట్రా సన్నాసీ అని ఏడాదికొకసారి ఇదే మెట్టు మీంచి తిట్టేదాన్ని. నా కొడుకు పుట్టి బుద్ధెరిగాక ఒక్క పని తిన్నగా చేసినవాడు కాదు. ఇవి ఎవరు వేశారు?"

పెరట్లో కప్ప ఒకసారి అరిచి ఊరుకుంది.

"అడుగుతుంటే?"

"నేనే వేశాను" అంది కోడలు. ఇక దాచడానికి ఓపిక లేకపోయింది. మడి ఉత్తదని, ఆయన తవ్వాడే గానీ ఏమీ వేయలేదని, దగ్గు చూసి భయపడి ఈ పని చేశానని, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతూ అత్త కాళ్ళ మీద చెయ్యి వేసింది. అత్త కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ నేను నీళ్ళు పోసింది ఉత్త మట్టికా?"

"అవును అత్తయ్యా."

అత్త బకెట్టును కాలితో పక్కకు జరిపింది. తర్వాత, "గింజలెక్కడివి? నీ నర్సరీవా?" అంది.

"కాదు. ఆయన కొన్నవే. ఆ రోజు చొక్కా జేబులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఇచ్చారు."

అత్త చటుక్కున తిరిగింది. ఆ ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. ఆ వెలుగు కన్నా చెంపదెబ్బే నయమని కోడలికి తర్వాత అనిపించింది.

"వాడి జేబులోవా? ఏవీ? మిగిలినవి ఇలా తే. నేను వేస్తాను."

"లేవు."

"లేవంటే?"

"అన్నీ వేసేశాను అత్తయ్యా."

"ఒక్కటి కూడా ఉంచలేదా?"

"లేదు."

"పోనీ ఆ పొట్లం?"

"నర్సరీలో... చెత్తలో పడేశాను."

అత్త లేచి నిలబడింది. "వాడి ఒంటిమీద ఉన్నవి ఇన్నాళ్ళు దాచుకున్నావు. దాచుకున్నదానివి నువ్వొక్కదానివే చల్లుకున్నావు. నన్ను లేపి ఒక్క గింజ నా చేతిలో పెట్టి, 'ఇదిగో, మీవాడిది, వెయ్యండి' అంటే నీ సొమ్మేం పోయేదే? నేను చచ్చిపోతానని భయపడ్డావా? వాడు పోతేనే చావలేదు నేను! వాడు నీ ఒక్కదానికే పోయాడా?"

ఇన్నాళ్ళూ తను అత్తకేదో మిగులుస్తున్నాననుకుంది. మిగిలిన కాస్తా తనే లాగేసుకుందని ఇప్పుడు తెలిసింది.

"కాయలు కాసి ఎండితే గింజలు వస్తాయి అత్తయ్యా" అంది. "బోలెడు వస్తాయి. అన్నీ మీరే వేద్దురు."

"అవి వాడి జేబులోవి కావుగా."

అంతకు మించి అనలేదు. మెట్లు దిగి మడి దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుంది. వరస వెంట ఒక చివర నుంచి చూసుకుంటూ పోయింది. ఒకచోట మొలక రాక వెలితి ఉంది. అక్కడ వేలితో మట్టి తవ్వింది. కోడలికి ఆమె ఏం వెతుకుతోందో అర్థమై, లేచి వెళ్ళి పక్కన నిలబడింది. అత్త వేళ్ళకు గింజ దొరికింది. ఉబ్బి, తోలు పగిలి, బంకగా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కొంగుతో మట్టి తుడిచింది. వాసన కోడలి దాకా వచ్చింది.

ఇంకోసారి అబద్ధం చెప్పడం కోడలి వల్ల కాలేదు. "అది కుళ్ళిపోయింది అత్తయ్యా. ఇక మొలవదు" అంది.

"నాకూ కళ్ళున్నాయి" అంది అత్త. వరసకు దూరంగా, మడికి ఇంకో మూల, వేలితో గుంట చేసింది. గింజను అందులో పెట్టి, బొటనవేలితో మట్టి అదిమింది. "మొలవాలని పెడుతున్నానా ఏమిటి?"

కోడలు బకెట్టు తెచ్చి, చెంబు ముంచి, ఆ గుంట మీదికి వంచబోయింది.

"నువ్వు పొయ్యకు" అంది అత్త. "ఇటియ్యి."

కోడలు చెంబు ఆమె చేతికిచ్చి పక్కకు తప్పుకుంది.